సూది బెజ్జమంత గాయం.. రాత్రంతా కాపలా

బళేపేట (బెంగళూరు): కన్నడంలో 'బళె' అంటే గాజు. అక్కిపేట బియ్యానికి, బళేపేట గాజులకు.. పాత బెంగళూరు పేటలు చాలామటుకు అమ్మే సరుకు పేరుతోనే వెలిశాయి. ఇప్పుడీ వీధిలో వీణలు, తబలాలు అమ్మే కొట్లు కూడా కనబడతాయి. పండగ ముందు ఇటొచ్చి డజన్ల లెక్కన గాజులు కొనుక్కునే ఆడపిల్లల్లో నర్సులూ ఉంటారు. అయితే వాటిని డ్యూటీలో వేసుకునే వీలు వాళ్లకు లేదు. మోచేతి కింద గాజు, ఉంగరం, గడియారం ఏదీ ఉండకూడదన్నది స్టెరైల్ గదిలో మొదటి షరతు.

అలాంటి గదుల్లో మన పాఠకులు అంతగా వినని గది ఒకటుంది. దాని పేరు 'ఇంటర్వెన్షనల్ రేడియాలజీ'. నోరు తిరగని పేరే గానీ పని తేలిగ్గానే చెప్పొచ్చు. పెద్ద కోత కోయరు. తొడ మొదట్లోనో, మణికట్టు దగ్గరో సూదితో బెజ్జం చేసి సన్నటి తీగ పంపుతారు. ఆ తీగ మీదుగా గొట్టం వెళుతుంది. ఎక్స్‌రే తెర మీద దారి చూసుకుంటూ రోగం ఉన్న చోటికి చేరతారు. పూడిపోయిన రక్తనాళాన్ని బెలూన్‌తో తెరుస్తారు. రక్తం కారుతున్న నాళాన్ని మూసేస్తారు. గర్భసంచిలో గడ్డకు రక్తం అందకుండా చేసి దాన్ని కుంచింపజేస్తారు. పిత్తం దారి మూసుకుపోయి కామెర్లు ముదిరితే కాలేయంలోకి గొట్టం వేసి బయటకు తీస్తారు. పొద్దున్నుంచి రాత్రి దాకా కొట్లో నిలబడి కాళ్ల నరాలు ఉబ్బిన వ్యాపారులకు లేజర్ వైద్యం చేసేదీ చాలాచోట్ల ఈ విభాగమే. నిమ్హాన్స్‌లోనైతే మెదడు, వెన్నుపాము రక్తనాళాల కోసం ఇలాంటి విభాగం ప్రత్యేకంగా ఉంది.

హిందూపురం, మదనపల్లె, కుప్పం, అనంతపురం వైపు నుంచి మెజెస్టిక్‌లో బస్సు దిగి, ఈ చుట్టుపక్కల లాడ్జీల్లో ఉండి ఆసుపత్రుల చుట్టూ తిరిగేవాళ్లలో మనవాళ్లు తక్కువేం కాదు. వాళ్లకు డాక్టరు కనబడేది కాసేపు. ముందూ వెనకా అంతా సిస్టరే.

గెర్డా సిస్టర్‌ను తలుచుకునేదెవరు?

ఈ వైద్యం పుట్టుకలోనే ఒక నర్సు ఉంది. 1929లో జర్మనీలోని ఎబెర్స్‌వాల్డె ఆసుపత్రిలో వెర్నర్ ఫోర్స్‌మన్ అనే కుర్ర డాక్టరుకు ఓ ఆలోచన వచ్చింది. చేతి నరంలోంచి గొట్టం పంపితే గుండె దాకా వెళ్లదా అని. పెద్ద డాక్టరు ససేమిరా అన్నాడు. గొట్టం, కత్తి ఉన్న బీరువా తాళాలు గెర్డా డిట్జెన్ అనే నర్సు దగ్గర ఉన్నాయి. ఆమె ఒప్పుకుంది. అయితే ఆ ప్రయోగమేదో తన మీదే చెయ్యమంది! ఆయన సరేనని ఆమెను బల్లకు కట్టేసి, గొట్టం మాత్రం తన చేతిలోకే ఎక్కించుకున్నాడు. సంగతి తెలిసి ఆమె మండిపడినా, కట్లు విప్పాక ఆయన వెంట ఎక్స్‌రే గదికి నడిచింది. గొట్టం కొస గుండెలో ఉన్నట్టు ఫొటో తేలింది. 1956లో ఫోర్స్‌మన్‌తో పాటు మరో ఇద్దరు డాక్టర్లకు నోబెల్ బహుమతి దక్కింది. గెర్డా పేరు పుస్తకాల్లో ఏదో ఓ మూల ఉంటుంది.

తర్వాత 1953లో స్వీడన్ డాక్టరు సెల్డింగర్ సూది, తీగ, గొట్టం అనే వరస కనిపెట్టాడు. ఇప్పటికీ అదే పద్ధతి. 1964 జనవరి 16న అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో చార్లెస్ డాటర్, కాలు తీసేయాల్సిందే అన్నా ఒప్పుకోని 82 ఏళ్ల ముసలమ్మకు కాలి రక్తనాళాన్ని గొట్టాలతో వెడల్పు చేశాడు. ఆమె చివరిదాకా తన కాళ్ల మీదే నడిచింది.

ఉసిరు.. ఉరి.. తురికె

బెంగళూరులో తెలుగు తెలిసిన నర్సు దొరకడం ఎంత అదృష్టమో బల్ల మీద పడుకున్నాక గానీ అర్థం కాదు. కడుపులో నాళాలను ఫొటో తీసేటప్పుడు కదలిక ఉండకూడదు. 'ఉసిరు హిడ్కొళ్ళి' అంటారు. అంటే ఊపిరి బిగపట్టమని. మన ఊరి పెద్దాయన ఉసిరికాయ సంగతి ఇక్కడెందుకని తెల్లబోయి అదే క్షణంలో గట్టిగా గాలి వదులుతాడు. బొమ్మ చెదిరిపోతుంది, రంగుమందు మళ్లీ ఎక్కించాలి. మూత్రపిండాలు అంతంతమాత్రంగా ఉన్నవాళ్లకు ఆ రెండో మోతాదు ఊరికే పోయేది కాదు.

రంగుమందు ఎక్కగానే ఒళ్లంతా వేడిగా అనిపిస్తుంది. ముందే చెబితే భయం ఉండదు. 'ఉరి ఆగ్తిదెయా?' అని కన్నడ సిస్టర్ అడిగేది మంట పుడుతోందా అనే. తెలుగువాడి చెవికి 'ఉరి' ఎలా వినబడుతుందో చెప్పక్కర్లేదు! అన్నిటికంటే ముఖ్యమైనది 'తురికె'. అంటే దురద. రంగుమందు పడకపోతే చాలామందిలో మొదట కనబడే గుర్తు అదే. ఆ మాట అర్థంకాక లేదని తలూపితే, కాసేపటికి పెదాలు వాచి, గొంతు బిగిసి, బీపీ పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు తొడ కండలోకి అడ్రినలిన్ సూది వెంటనే పడాలి. అది ట్రేలో సిద్ధంగా ఉంచడం నర్సు పనే.

అసలు కథ అంతకుముందు మొదలవుతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారా, షుగరుకు మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా, క్రియాటినిన్ ఎంత, ప్లేట్‌లెట్లు ఎన్ని, ఇదివరకు ఏదైనా మందు పడలేదా.. అన్నీ అడిగి రాసుకుంటారు. గట్టి ఆహారం ఆరు గంటల ముందే ఆపాలి. నాటు మందులు వాడితే అదీ చెప్పాలి. మనవాళ్లు చెప్పరు! డాక్టరు కోప్పడతాడని దాస్తారు.

ఇక ఆడవాళ్లతో మరో చిక్కు. మణికట్టు దగ్గర సూది వేయాలంటే గాజులు తీయాలి. ఆసుపత్రిలో గాజులు తియ్యమంటే ఏ ముత్తయిదువకైనా గుండె గుభేలుమంటుంది. కొందరు ముందే పసుపుదారం కట్టుకుని వస్తారు. సంగతి తెలిసిన సిస్టర్ దాన్ని రెండో చేతికి మార్చి, సాయంత్రానికి మళ్లీ వేసుకుందువుగానిలే అమ్మా అంటుంది. చిన్న మాటే గానీ దాంతో సగం బీపీ దిగొస్తుంది.

కాలు మడవొద్దు!

పని ముగిసి గొట్టం తీశాక తొడ మొదట్లో పదిహేను ఇరవై నిమిషాలు అదిమి పట్టుకోవాలి. నొక్కేది చర్మం మీది బెజ్జాన్ని కాదు, దానికి కాస్త పైన. రక్తనాళంలో బెజ్జం పడేది అక్కడే. మధ్యలో ఎలా ఉందోనని ఎత్తి చూడకూడదు. తర్వాత నాలుగు నుంచి ఆరు గంటలు కాలు చాచి వెల్లకిలా పడుకోవాలి. మొదటి గంటలో పావుగంటకోసారి బీపీ, నాడి, తొడ దగ్గర వాపు, పాదం మీద నాడి చూస్తారు. ఆ నాడి దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టేది కూడా ఇందుకే. రాత్రి డ్యూటీ మారినా వెతుక్కోనక్కర్లేదు.

బయటికి చుక్క రక్తం రాకపోయినా లోపల కారుతూ ఉండొచ్చు. నడుం నొప్పి మొదలై, నాడి వేగం పెరిగి, బీపీ తగ్గుతుంటే అనుమానించాలి. నడుం నొప్పా, పడుకుని పడుకుని వచ్చిందిలే అని సర్దిచెప్పే బంధువులే ఇక్కడ అసలు ఇబ్బంది. బాత్రూముకు లేస్తానంటే లేపి కూర్చోబెట్టే కొడుకులూ ఉన్నారు. వాళ్ల ప్రేమను తప్పు పట్టలేం. బెడ్‌పాన్ వాడటానికి సిగ్గుపడే తండ్రిని చూసి మనసు కరగడం సహజం. కానీ తొడ దగ్గర వాపు కట్టాక మళ్లీ అదమాల్సింది నర్సే.

కోటు లోపల బిళ్ల

ఇంత పని అయిదారు కిలోల సీసపు కోటు మోస్తూ చేయాలి. గొంతుకు మరో పట్టీ. నడుం నొప్పి ఈ వృత్తిలో మామూలైపోయింది. ఆ కోటును చీరలా మడతపెట్టకూడదు, తగిలించాలి. మడత పడితే లోపల పగిలి, కిరణాలు ఆ సందులోంచి వస్తాయి.

పెళ్లి సంబంధాల దగ్గర ఈ ఉద్యోగం పేరెత్తితే పిల్లలు పుట్టరేమోనని గుసగుసలు. ఇందులో నిజమెంత? ఎక్స్‌రే పెడల్ మీద కాలు తీయగానే కిరణాలు ఆగిపోతాయి. గదిలోనో, బట్టల మీదో మిగిలి ఉండవు. సిబ్బందికి తగిలేవి ఎక్కువగా రోగి ఒంటి మీంచి చెదిరి వచ్చేవి. రెండింతలు దూరం జరిగితే దాదాపు నాలుగో వంతుకు తగ్గుతాయి. అందుకే రంగుమందు మిషన్‌తో ఎక్కించేటప్పుడు వీలైతే అద్దం వెనక్కి వెళ్లాలి. అణుశక్తి నియంత్రణ మండలి లెక్క ప్రకారం సిబ్బందికి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గర్భవతినని చెప్పాక కడుపులో బిడ్డకు మిగిలిన నెలలన్నీ కలిపి 1 మిల్లీసీవర్టే హద్దు. ఆ హద్దులో ఉండేలా డ్యూటీ మార్చడం యాజమాన్యం బాధ్యత. ఉద్యోగం మాన్పించాల్సిన పనిలేదు.

అయితే ఈ లెక్కంతా ఛాతీ మీద, కోటు లోపల పెట్టుకునే టీఎల్‌డీ బిళ్ల మీద ఆధారపడింది. మూడు నెలలకోసారి దాన్ని లెక్క చూసేందుకు పంపుతారు. బిళ్లను లాకరులో పెట్టి పనిచేస్తే నివేదిక సున్నా చూపిస్తుంది. తక్కువ జీతం, కాంట్రాక్టు కొలువు చేసే పిల్లలు బిళ్ల ఏదని అడగడానికే జంకే చోట్లూ లేకపోలేదు. మన జిల్లాల నుంచి వచ్చి నర్సింగ్ చదివి ఈ విభాగంలో చేరే ఆడపిల్ల జీతం కంటే ముందు అడగాల్సింది తన పేరు మీద బిళ్ల ఉందా, పోయిన మూడు నెలల లెక్క చూపిస్తారా అని. కళ్లకు సీసపు అద్దాలూ అడగాలి. 2011లో అంతర్జాతీయ సంఘం కంటి కటకానికి హద్దును ఏడాదికి 150 నుంచి సగటున 20కి దించింది.

పక్షవాతం కేసులతో రాత్రి పిలుపులు కూడా పెరిగాయి. మెదడులో పెద్ద నాళం మూసుకుంటే గడ్డను గొట్టంతో లాగేయడం మేలని 2015లో వెలువడిన పరిశోధనలు తేల్చాయి. నిమిషాల లెక్క కాబట్టి ఫోను మోగితే లేచి పరుగెత్తాల్సిందే.

చివరగా, గొట్టంతో ఊరికి వెళ్లేవాళ్ల సంగతి. కాలేయానికో, మూత్రపిండానికో వేసిన గొట్టం, దానికో సంచి. ఇంటికి పంపే ముందు సిస్టర్ ఇంట్లో ఒకరికి దగ్గరుండి నేర్పుతుంది. రోజూ ఎంత వచ్చిందో రాయాలి. చలిజ్వరం వచ్చినా, గొట్టం చుట్టూ కారినా, ఉన్నట్టుండి రావడం ఆగినా వెంటనే తిరిగి రావాలి. మూడు నెలల లోపు మార్పించుకోవాలి. మెజెస్టిక్‌లో బస్సెక్కాక సంచిని పైన సామాన్ల అరలో పెట్టొద్దు, కిటికీ కొక్కేనికి తగిలించొద్దు. నడుముకు దిగువనే ఉండాలి, గొట్టం ఎక్కడా మెలిక పడకూడదు, హిందూపురం దాకా.