దెయ్యాల బలహీనతలు

షాంటిలీలో అక్టోబరు 31న హాలోవీన్ వస్తే పిల్లలు రక్తపిశాచుల వేషాలు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. వెల్లుల్లి చూస్తే పారిపోతుందనీ, ఎండ తగిలితే చస్తుందనీ మనమూ సినిమాల్లో చూశాం.

ఎండ సంగతి మరీ పాతది కాదు. 1897 నాటి ‘డ్రాకులా’ నవలలో ఆ పిశాచి పట్టపగలే లండన్‌లో తిరుగుతాడు. పగలు శక్తి తగ్గుతుందంతే. ఎండకు చావడం 1922 నాటి మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’లో కనిపిస్తుంది. 2005 నాటి ‘ట్విలైట్’ నవలలోనైతే ఎండలో ఒళ్లు తళతళ మెరుస్తుంది!

మన బేతాళుడిని 1870లో రిచర్డ్ బర్టన్ ఇంగ్లీషులో ‘వ్యాంపైర్’ అన్నాడు. ఆయనకు ఎండా, వెల్లుల్లీ పట్టవు. విక్రమార్కుడు నోరు విప్పితే శవంతో సహా చెట్టెక్కుతాడు. మౌనంగా ఉంటేనే లొంగుతాడు. 1990ల్లో మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాశారు. చదువొచ్చిన దెయ్యం కాబట్టి చదువుకుని రోజూ వెనక్కి పోయేదట!

దెయ్యం బలహీనత కథ చెప్పేవాడి ఇష్టం. కథగా వింటే సరదాయే. చేతబడి చేసిందంటూ పక్కింటి ముసలమ్మను కొడితే మాత్రం అది నేరం. ఊరికి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క ఇంట్లో చెప్పండి.