మట్టిముద్ద నుండి రాతివరకు

వేసవి వచ్చినదనగా మైలవరము పరిసరముల మామిడితోటలలో సందడి మొదలగును. చెట్టుక్రింద నిలిచినవాడు చిక్కము కట్టిన పొడవైన గెడను తలపైకెత్తి, కొమ్మల సందున కాయను వెదకి, తొడిమ తెగునట్లు లాగును. ఉదయము మొదలు ఎండ ముదురువరకు ఆ చేయి పైకే ఉండును. అదే ఊరిలో, బడి తెరచిన దినములలో, ఉపాధ్యాయుని చేయి గంటల తరబడి నల్లబల్లపై ఉండును. ధాన్యపు బస్తా నెత్తువాడు, దండెముపై తడిబట్టలు ఆరవేయు ఇల్లాలు, బంతిని వలమీదుగా కొట్టు విద్యార్థి - వీరందరి పనియు ఒక్క కీలుపై ఆధారపడి ఉన్నది. అది భుజము. అది చెడిన నాడుగాని దాని విలువ తెలిసిరాదు.

మన భాషలో భుజమునకున్న గౌరవము ఇంతింత కాదు. పరాక్రమమునకే భుజబలమని పేరు. మెచ్చుకొనదలచినపుడు భుజము తట్టుదుము. బాధ్యతను భుజాన వేసికొందుము. రాజులు భుజకీర్తులు ధరించిరి. గుమ్మడికాయల దొంగ ఎవరనగా భుజములు తడుముకొన్నవాని సామెత ఎరుగని తెలుగువాడు లేడు. ఇట్టి భాషలో పెరిగినవానికి చేయి పైకి లేవకపోయినపుడు, ఆ దెబ్బ శరీరమునకేగాక అభిమానమునకును తగిలినట్లు తోచును. అందువలననే భుజము నొప్పిచేసినవారు తరచుగా రెండు తప్పులలో ఒకటి చేయుదురు. ఒకరు నొప్పిని దాచి మునుపటి బరువునే ఎత్తబోవుదురు. మరియొకరు భయపడి చేతిని పూర్తిగా కదలింపక మానుదురు. ఈ రెంటికిని నడుమ ఒక దారి కలదు. అది ప్రాచీనమైనది, నేటి వైద్యమును దానినే ఆమోదించుచున్నది.

బడిలో జీవశాస్త్ర పాఠము చెప్పునపుడు భుజమును బంతిగిన్నె కీలు అందురు. పేరు సరియైనదే గాని, ఆ గిన్నె లోతు తక్కువ. తుంటికీలులో బంతి గిన్నెలో చాలవరకు మునిగియుండును. భుజములోనో, భుజాస్థి తలలో కొద్దిభాగము మాత్రమే రెక్కయెముక గిన్నెను తాకియుండును. బడి ఆటల పోటీలలో పిల్లలు చెంచాలో నిమ్మకాయ నుంచుకొని పరుగెత్తుట చూచినవారికి ఈ కీలు స్వభావము సులభముగా తెలియును. చెంచాలోని నిమ్మకాయ అన్ని వైపులకు కదలగలదు. కనుకనే అన్ని వైపులకు జారగలదు. శరీరములోని పెద్ద కీళ్లలో ఎక్కువ స్వేచ్ఛ గలది భుజమే. తరచుగా తొలగునదియు భుజమే.

ఆ నిమ్మకాయను చెంచాలో నిలుపునవి ముఖ్యముగా నాలుగు చిన్న కండరములు. అవి రెక్కయెముక నుండి బయలుదేరి, భుజాస్థి తలను ముందునుండి, పైనుండి, వెనుకనుండి చుట్టిపట్టుకొనును. చొక్కా చేతి చివర మణికట్టును చుట్టియుండు కఫ్‌ను పోలియుండుటచే వైద్యులు ఈ నాలుగింటిని రొటేటర్ కఫ్ అని పిలుతురు. భుజముపై గుండ్రముగా ఉబ్బి అద్దములో కనబడు పెద్ద కండరము చేతిని ఎత్తును. కంటికి కనబడని ఈ నాలుగును ఎత్తుచున్నంతసేపు బంతిని గిన్నెలో నిలుపును. పెద్ద కండరమును మాత్రమే పెంచుకొని చిన్నవానిని మరచినవాడు, గోడలు బలిపించి పునాదిని మరచినవాని వంటివాడు.

కండరము చివర ఎముకను అంటియుండు గట్టి పట్టీకి స్నాయువని పేరు. దానికి రక్తప్రసారము కండరమునకున్నంత సమృద్ధిగా లేదు. కనుక అది మెల్లగా మానును. భుజపు బాధలన్నియు ఒకే జాతివి కావు. పడుటవలన కీలు తొలగవచ్చును. ఏండ్ల తరబడి పనివలన స్నాయువు నలిగి చిరుగవచ్చును. నలుబది నుండి అరువది ఏండ్ల మధ్యవారికి, అందులో మధుమేహమున్నవారికి మరింత తరచుగా, కీలును కప్పియున్న సంచియే బిగిసి చేయి కదలక నిలిచిపోవచ్చును. దీనినే ఫ్రోజెన్ షోల్డర్ అందురు. ఇది తగ్గుటకు ఏడాది నుండి మూడేండ్ల వరకు పట్టుటయు కలదు. ఏది ఏ బాధయో తేల్చవలసినవాడు వైద్యుడు. పడిన పిమ్మట చేయి లేవకపోయినను, భుజము ఆకారము మారినను, వ్రేళ్లు తిమ్మిరెక్కినను వ్యాయామము మాట తలపెట్టరాదు. తొలగిన కీలును తెలియనివారు లాగుట మిక్కిలి ప్రమాదము. దాని ప్రక్కనే చేతికి పోవు నాడులును రక్తనాళములును ఉన్నవి.

వైద్యుడు గాయమును నిర్ణయించి, కదలింపవచ్చునని చెప్పిన పిమ్మట అసలు పని ఆరంభమగును. ఇక్కడనే మన ప్రాచీనుల మాట ఒకటి వినదగియున్నది. సుశ్రుత సంహితలో విరిగిన ఎముకల చికిత్సకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమున్నది. భుజసంధి తొలగినపుడు చంకను రోకలితో పైకెత్తి, కీలు స్థానమునకు వచ్చిన పిదప స్వస్తికాకారముగా కట్టు కట్టవలెనని అందులో కలదు. ఇది నాటి వైద్యుని పద్ధతి. నేడెవరును అనుసరింపదగినది కాదు. కాని అదే అధ్యాయములో, అరచేతికి దెబ్బతగిలినవానికి చెప్పిన క్రమము నేటికిని నిలుచును. మొదట అతనిచేత మట్టిముద్ద పట్టింపవలెను. తరువాత ఉప్పు పట్టింపవలెను. చేతికి బలము వచ్చిన పిమ్మటనే రాయి పట్టింపవలెను. మెత్తనిదానినుండి గట్టిదానికి, తేలికనుండి బరువునకు పోవు సోపానము ఈ మూడు మాటలలో ఇమిడియున్నది. ఆరోగ్యవంతుడు సైతము తన శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, నోటితో ఊపిరి తీయవలసివచ్చినపుడు ఆ సగము చేరినట్లు గుర్తింపవలెననియు అదే గ్రంథము మరియొకచోట చెప్పినది.

ఇరువదవ శతాబ్దిలో ఈ సత్యమును మరల కనుగొన్నవాడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలోర్మ్. రెండవ ప్రపంచయుద్ధపు చివరి దినములలో చికాగోలోని సైనిక ఆసుపత్రి గాయపడినవారితో నిండియుండెను. విరిగిన కాళ్లు, చెడిన మోకాళ్లు మానినను బలము తిరిగిరాక సైనికులు నెలల తరబడి పడకలపై ఉండిరి. తేలికపాటి కదలికలు వందలసార్లు చేయించుట నాటి ఆచారము. డెలోర్మ్ బాల్యమున జబ్బుపడి, బరువు లెత్తుటచే తన శరీరమును తానే బాగుచేసికొన్నవాడు. ఆయన సైనికులచేత బరువులు ఎత్తించి, ఫలితములను 1945లో ప్రకటించెను. పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువేదో మొదట తెలిసికొని, అందులో సగముతో పదిసార్లు, ముప్పాతికతో పదిసార్లు, పూర్తి బరువుతో పదిసార్లు చేయించు పద్ధతి 1948 నాటికి స్థిరపడెను. గమనింపదగిన విశేషము మరియొకటి కలదు. మొదట ఈ విధానమునకు పెట్టిన పేరులో 'భారము' అను అర్థమిచ్చు మాట యుండెను; తరువాత దానిని తీసివేసి 'క్రమవృద్ధి' అను అర్థమిచ్చు మాట చేర్చిరి. బరువు కాదు, క్రమమే మందని పేరే చెప్పుచున్నది.

భుజమునకు నేడు చేయించు సాధనలోను అదే క్రమము కనబడును. మొదటిది ఊయల. మంచి చేతిని బల్లపై ఆనించి, ముందుకు వంగి, నొప్పిచేతిని వ్రేలాడదీసి మెల్లగా ఊపుదురు. దీనిని ప్రచారములోనికి తెచ్చిన అమెరికా శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్మన్ భుజమును గూర్చి వ్రాసిన గ్రంథము 1934లో వెలువడెను. రెండవది గోడ. వ్రేళ్లతో గోడపై ప్రాకుచు చేతిని పైకి పోనిత్తురు. నాటికి చేరిన ఎత్తుకడ సుద్దముక్కతో గీత గీసికొన్నచో వారము వారము ఎంత లేచినదో తెలియును. మూడవది కదలని బలము. మోచేతిని నడుముప్రక్కకు ఆనించి వంచి, పిడికిలిని గోడకు ఒత్తుదురు. కీలు కదలదు గాని కండరము పనిచేయును. నాలుగవది రబ్బరు పట్టీ. దానిని తలుపు గడియకు కట్టి లోపలికిని వెలుపలికిని లాగుదురు. బరువు ఐదవ మెట్టు. అదియు అర కిలోతో ఆరంభము. అర లీటరు నీరు నింపిన సీసా చాలును. ప్రత్యేక పరికరములు కొననక్కరలేదు.

పదిసార్లు సులువుగా చేయగలిగిన పిమ్మటనే తరువాతి బరువు. దినము విడిచి దినము చేసినచో నలిగిన భాగమునకు కోలుకొనుటకు వ్యవధి దొరకును. కొద్దిపాటి నొప్పి ఉండవచ్చును. మరునాటి ఉదయమునకు అది మునుపటి స్థితికి వచ్చినచో కొలత సరిపోయినట్లు. రాత్రి నిద్ర చెడినను, మరునాడు చేయి మరింత బిగిసినను కొలత మించినట్లు. అపుడు ఒక మెట్టు దిగవలెను. దిగుట ఓటమి కాదు. అదియు సాధనలో భాగమే. చిరిగిన స్నాయువును శస్త్రచికిత్సతో కుట్టించుకొన్నవారి కథ వేరు. వారి చేయి సాధారణముగా నాలుగు నుండి ఆరు వారములు మెడకు కట్టిన జోలెలో ఉండును. బలపు సాధన మూడు నెలలకు అటునిటుగా ఆరంభమగును. పూర్తి పనికి ఆరు నెలలు మొదలు ఏడాదివరకు పట్టును.

మొదటి వారములలో కండరము లావెక్కినట్లు కనబడదు. అందుచే చాలమంది నిరాశపడి విడిచిపెట్టుదురు. నిజమునకు బలము అప్పుడే తిరిగివచ్చుచుండును. ఎట్లనగా, నాడులు కండరమును మేల్కొలుపుట మరల నేర్చుకొనుచుండును. ఇది పలకపై ఓనమాలు దిద్దుట వంటిది. దిద్దిన అక్షరమునే దిద్దుచున్న బాలుని చూచి, ఇతడేమియు నేర్చుకొనుటలేదని ఏ గురువును అనుకొనడు. మంచి చేతికి సాధన ఇచ్చినచో, కదలక యున్న రెండవ చేతి బలము కూడ కొంత నిలుచునని పరిశోధనలు తెల్పుచున్నవి. కనుక ఒక భుజము చెడినంతమాత్రమున శరీరమంతటికిని సెలవు ప్రకటింపనక్కరలేదు.

బలమనగా కృష్ణాతీరమువారికి జ్ఞప్తికి వచ్చు పేరు దండమూడి రాజగోపాలరావు. గండిగుంటలో జన్మించిన ఆయన 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో బరువులెత్తుటలో కాంస్య పతకము పొందెను. 1963లో వచ్చిన నర్తనశాల చిత్రములో భీముడై కనబడినది ఆయనయే. విజయవాడలోని ఇండోర్ స్టేడియమునకు ఆయన పేరే ఉన్నది. అట్టి దేహమును చూచిన యువకుడు తానును అట్లు కావలెనని కోరుట సహజము, కోరదగినదియు. అయితే ప్రేక్షకుడు చూచునది తలపైకి లేచిన తుది బరువును మాత్రమే. దానిక్రింద మెట్లుమెట్లుగా పేర్చిన చిన్న బరువుల ఏండ్లు వేదికపై కనబడవు.

మన కాలపు దృష్టాంతము అమలాపురము బిడ్డ రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్. బ్యాడ్మింటన్ ఆటలో షటిల్‌ను క్రిందికి కొట్టు దెబ్బకు స్మాష్ అని పేరు. 2023 ఏప్రిల్ 14న జపానులో ఆయన కొట్టిన స్మాష్ వేగము గంటకు 565 కిలోమీటర్లని కొలిచి గిన్నిస్ గ్రంథమున నమోదు చేసిరి. ఆ నెలలోనే చిరాగ్ శెట్టితో కలిసి దుబాయిలో ఆసియా విజేత యయ్యెను. అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణము గెలిచెను. అంతటి చేతికిని 2024లో భుజపు గాయము తప్పలేదు. అది ఒలింపిక్ సంవత్సరము. తాము గెలిచిన ఆసియా కిరీటమును నిలుపుకొనవలసిన పోటీ ఏప్రిల్‌లో ఎదురుగా ఉన్నది. అయినను ఆ జంట ఆ పోటీనుండి తప్పుకొనెను. తరువాత మే 19న థాయిలాండ్ ఓపెన్‌లో విజయము సాధించెను. లోకములో అతివేగముగా షటిల్‌ను కొట్టిన భుజమే ఆగవలసినపుడు ఆగినది. నొప్పిని లెక్కచేయకుండుటే వీరత్వమని తలచు విద్యార్థులు ఈ మాటను గుర్తుంచుకొనదగును.

బడియు ఈ విషయములో కొంత చేయగలదు. చేయి లేవని ఉపాధ్యాయుడు నల్లబల్ల క్రింది సగమున వ్రాసినను పాఠము తరిగిపోదు. పై వరుస వ్రాయుటకు ఒక విద్యార్థిని పిలిచినచో ఆ విద్యార్థి మురియును. జోలెకట్టుతో వచ్చిన బాలుని ఆటస్థలమునకు దూరముగా కూర్చుండబెట్టుటకంటె, అతనికి లెక్కలు వ్రాయు పనియో కాలము చూచు పనియో ఇచ్చుట మేలు. అన్నిటికంటె ముఖ్యముగా, అర కిలో సీసా ఎత్తుచున్నవానిని చూచి తోడివారు నవ్వకుండ చూడవలెను. ఆ నవ్వు భయముననే ఎందరో తగని బరువునకు తొందరపడి, మానుచున్న గాయమును మరల రేపుకొనుచున్నారు.

మైలవరము తోటలలో వచ్చే వేసవికి మరల కాయలు దిగును. ఈ ఏడు గెడ ఎత్తలేకపోయినవాడు, ఈలోపుగా గోడపై సుద్దగీతలను ఒక్కొక్క అంగుళముగా పైకి జరుపుకొన్నచో, ఆనాటికి క్రింది కొమ్మలనైనను అందుకొనగలడు. పై కొమ్మలు ఆ మరుసటి ఏటికి ఉండనే ఉన్నవి. రాతిని ఎత్తుట బలమని లోకమునకు తెలియును. మట్టిముద్దతో మొదలుపెట్టుటకు సిగ్గుపడకుండుటయు బలమేనని తెలిసినవాని భుజమే తిరిగి నిలుచును.