కలంకారీ: వ్రాతపని, అద్దకం

నూలుబట్ట మీద బొమ్మలు వేసి, వాటికి చెట్టుచేమల నుంచి తీసిన రంగులు పట్టించే కళకు కలంకారీ అని పేరు. ‘కలం’, ‘కారీ’ అనేవి పారశీక పదాలు. కలంతో చేసే పని అని వాటి అర్థం. ఆంధ్రదేశంలో ఈ కళకు రెండు ప్రసిద్ధ కేంద్రాలు ఉన్నాయి. ఒకటి స్వర్ణముఖి ఒడ్డున ఉన్న శ్రీకాళహస్తి. రెండవది కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, దానికి సమీపంలోని పెడన. రెండు చోట్లా బట్ట ఒకటే, రంగులూ దాదాపు ఒకటే. అయినా ఒక చోటి పని మరొక చోటి పనిలా ఉండదు. దీనికి కారణం పనిముట్టు. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, అది వ్రాతపని. మచిలీపట్నంలో చెక్క అచ్చులతో అద్దుతారు, అది అద్దకం. పనిముట్టు మారితే శైలి ఎట్లా మారుతుందో ఈ రెండింటినీ పోల్చి చూస్తే తెలుస్తుంది.

వ్రాతపనికి ముందుగా బట్టను ఉతికి గంజి పోగొడతారు. తరువాత కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు అటూ ఇటూ పాకదు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంటుంది. ఇక నల్లరంగు కోసం ఇనుప ముక్కలను బెల్లం నీటిలో కొన్ని వారాలపాటు నానబెట్టి పులియనిస్తారు. ఈ ద్రవాన్ని కసిమి అంటారు. కసిమిలోని ఇనుము బట్టలోని వగరుతో కలిసినప్పుడు గీత నల్లబడుతుంది.

ఎరుపు రంగు పుట్టే విధానం మరింత విచిత్రమైనది. ఎరుపు కావలసిన చోట చిత్రకారుడు పూసేది ఎర్రరంగు కాదు, పటిక నీరు. ఆ బట్టను చిరువేరు, మంజిష్ఠ వంటి రంగువేళ్ళతో కలిపి కాచినప్పుడు పటిక ఉన్న చోటనే ఎరుపు నిలుస్తుంది. మిగిలిన చోట అంటిన రంగు ఉతుకులలో, ఎండలో పోతుంది. నీలానికి నీలిమందు, పసుపుపచ్చకు కరక్కాయ పువ్వు వాడతారు. నీలం మీద పసుపు పూస్తే ఆకుపచ్చ వస్తుంది. ప్రతి దశ తరువాత బట్టను పారే నీటిలో ఉతికి ఆరవేయాలి. అందువల్ల ఒక్క చిత్రం పూర్తి కావడానికి చాలా రోజులు పడుతుంది.

వ్రాతపనికి వాడే కలం ఒక వెదురుపుల్ల. దాని కొన చెక్కి, కొనకు కొంచెం పైన ఉన్నిని గాని వెంట్రుకలను గాని చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్టను వేళ్ళతో మెల్లగా నొక్కితే రంగు కొనకు దిగుతుంది. మొదట చింతబరిక బొగ్గుతో వేసిన రేఖను దులిపివేయవచ్చు. దాని మీద కసిమి గీత పడిన తరువాత దిద్దుబాటు లేదు. అందుచేత ఈ శైలికి ప్రాణం గీతలోనే ఉంది. పెద్ద కన్నులు, దట్టమైన ఆభరణాలు, వంపు తిరిగిన రేఖలు దీని లక్షణాలు. పూర్వం ఈ బట్టలను దేవాలయాలలో వేలాడదీసేవారు. రామాయణ, మహాభారత కథలను వీటిపై చిత్రించేవారు. ముఖ్య దేవతను నడుమ పెద్దదిగా వేసి, చుట్టూ కథను వరుసలుగా చిన్న గళ్ళలో చూపుతారు. చిత్రకళలో దీనిని ప్రాధాన్యం అంటారు. దూరాన నిలబడినవారికి ముందు మూర్తి కనబడుతుంది. దగ్గరకు వచ్చినవారికి కథ కనబడుతుంది. గళ్ళ పక్కన తెలుగు అక్షరాలలో కథాసూచన ఉంటుంది. రాముడు, కృష్ణుడు నీలవర్ణంలో ఉండడం ఆచారం.

అద్దకంలో సూత్రం వేరు. టేకు చెక్క మీద చెక్కిన ఒకే అచ్చును బట్ట పొడవునా వందలసార్లు అద్దాలి. ఒక అచ్చు అంచు పక్క అచ్చు అంచుతో కలవకపోతే తీగ తెగినట్లు కనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ ప్రధానమైనవి పునరావృత్తి, లయ, సమతౌల్యం. గోలకొండ సుల్తానుల కాలంలో పారశీక అభిరుచి ఈ పనిలో ప్రవేశించింది. జీవవృక్షం, తీగలు, పూలు, చిలుకలు ఇందులో ఎక్కువ.

1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకున్నారు. ఉతికినా వెలిసిపోని రంగుబట్టలకు ఐరోపాలో గిరాకీ విపరీతంగా పెరిగింది. తమ నేతపని దెబ్బతింటుందని 1686లో ఫ్రాన్సు అద్దకపు బట్టలను నిషేధించింది. 1700లోను, 1721లోను ఇంగ్లండు కూడా చట్టాలు చేసింది. తరువాత యంత్రాల బట్ట వచ్చి ఇక్కడి పనివారి జీవనోపాధిని దెబ్బతీసింది.

ఈ కళ ఆంధ్రదేశంలోనే ఆగిపోలేదు. నాయక రాజుల కాలంలో తెలుగు చిత్రకారుల కుటుంబాలు తంజావూరు ప్రాంతంలో స్థిరపడ్డాయి. కుంభకోణం సమీపంలో ఆ సంప్రదాయం ఇప్పటికీ ఉంది. ఆలయాల పందిళ్ళకు, గొడుగులకు, తోరణాలకు వారు కలంకారీ చేస్తారు. ఊరు మారినా వారితోపాటు పనీ, మాటా తరలివెళ్ళాయి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కమలాదేవి చటోపాధ్యాయ కృషితో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం ఏర్పడి, అంతరించిపోతున్న వ్రాతపని మళ్ళీ చిగురించింది. 2008లో శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి పద్మశ్రీ లభించింది. అయితే ఇప్పుడు మరొక పోటీ వచ్చింది. కలంకారీ పేరుతోనే స్క్రీన్ ప్రింటింగు బట్టలు చవకగా అమ్ముడవుతున్నాయి. చూపు అలవడితే తేడా గుర్తించడం కష్టం కాదు. చేతి గీత అంతటా ఒకే మందంలో ఉండదు. చేతి అద్దకంలో అచ్చులు కలిసే చోట వెంట్రుకవాసి తేడా కనిపిస్తుంది. యంత్రం వేసిన బొమ్మలన్నీ ఒక్క తీరుగా ఉంటాయి. ఆ చిన్న తేడాలు లోపాలు కావు, మనిషి చేతి గుర్తులు. వాటిని పోల్చుకోగల కన్నులు ఉన్నంతకాలం కలం పట్టిన చేతికి పని ఉంటుంది.