కుట్టిన జాకెట్టు కుదరనప్పుడు: లోపాన్ని గుర్తించడం

కొలతలు తీసుకోవడం, డ్రాఫ్టింగు వేయడం, గుడ్డ కత్తిరించడం, కుట్టడం మీరు ఇంతకుముందు పాఠాలలో నేర్చుకున్నారు. ఇవన్నీ చేసిన తరవాత కూడా జాకెట్టు సరిగా కుదరకపోతే కారణాన్ని ఎలా వెతకాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ఒక పరిస్థితిని ఊహించండి. మీరు పెడన కలంకారీ గుడ్డ ఒక మీటరు కొన్నారు. ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని కత్తిరించారు. నాలుగు సాయంత్రాలు కూర్చుని కుట్టారు. హుక్కులు, కాజాలు కూడా పూర్తయ్యాయి. తీరా వేసుకుని చూస్తే చంక దగ్గర పట్టేస్తోంది, ముందు మెడ ఒంటికి ఆనకుండా తెరుచుకుంటోంది. ఇంట్లోవాళ్ళు "బాగానే ఉందిలే" అన్నారు. ఆ "లే"కి అర్థం మీకు తెలుసు.

ఇలాంటప్పుడు కొందరు ఆ జాకెట్టును బీరువా అడుగున పెట్టి మళ్ళీ మిషను జోలికి పోరు. ఇంకొందరు వెంటనే కత్తెర తీసి పట్టేసిన చోట కోసేస్తారు. రెండోది మరీ ప్రమాదం. కుట్టు తప్పితే విప్పవచ్చు, కోత తప్పితే అతకలేము. కాబట్టి కత్తెర పక్కన పెట్టి జాకెట్టును అద్దం ముందు పరీక్షించండి. వీలైతే చీర కూడా కట్టుకుని, చేతులు కిందికి వదిలి ఒకసారి, పైకెత్తి ఒకసారి చూడండి.

మడతలు చెప్పే సంగతి

గుడ్డ మీద పడే మడతలు రెండు రకాలు. బిగుతు వల్ల పడే మడత తాడు లాగినట్టు తిన్నగా, గట్టిగా ఉంటుంది. అది ఎక్కడ గుడ్డ చాలలేదో ఆ చోటును చూపిస్తుంది. రెండు హుక్కుల మధ్య అడ్డంగా ఇలాంటి గీతలు వస్తే ఛాతీ చుట్టుకొలత చాలలేదని అర్థం. ఛాతీ నుంచి చంక వైపు ఏటవాలుగా వస్తే ముందు భాగంలో టక్కు చిన్నదై, ఛాతీ ఎత్తుకు తగినంత గుడ్డ అందలేదన్నమాట. వదులు వల్ల పడే మడత మెత్తగా వేలాడుతుంది, వేళ్ళతో పట్టుకుంటే చేతిలోకి వస్తుంది. అలా వచ్చిన గుడ్డను గుండుసూదులతో పట్టి ఉంచండి. తీయవలసింది ఎంతో అదే చెబుతుంది.

బిగుతుకు కారణం ఎప్పుడూ కొలతలోనే ఉండదు. ప్రక్క కుట్టు గీత కంటే అంగుళంలో ఎనిమిదో వంతు లోపలికి పడిందనుకుందాం. ముందు ముక్కలో అంత, వెనక ముక్కలో అంత పోతుంది కనుక ఒక ప్రక్కన పావు అంగుళం తగ్గుతుంది. రెండు ప్రక్కలా కలిపి అర అంగుళం. కంటికి కనబడని తేడా ఒంటికి తెలిసేది ఇలాగే. అందుకే అనుభవం ఉన్న దర్జీలు ప్రక్కల్లో ఒక అంగుళమైనా గుడ్డ లోపల వదులుతారు. మీరూ వదిలి ఉంటే ప్రక్క కుట్టు విప్పి కొంచెం బయటికి వేస్తే చాలు.

చంక విషయంలో చాలామంది చేసే పొరపాటు

చెయ్యి పైకెత్తితే జాకెట్టంతా పైకి లేస్తోంది. చంక చిన్నదైందనుకుని దాన్ని కిందికి కోస్తారు. మళ్ళీ వేసుకుని చూస్తే మరింత లేస్తుంది! వినడానికి వింతగా ఉన్నా కారణం సులువే. చేతిగుడ్డ, ప్రక్క కుట్టు కలిసే చోటు శరీరానికి ఎంత దగ్గరగా, ఎంత పైన ఉంటే చెయ్యి అంత స్వేచ్ఛగా కదులుతుంది. ఆ చోటు కిందికి దిగిన కొద్దీ చెయ్యి ఎత్తినప్పుడు నడుము దగ్గరి గుడ్డను కూడా వెంట లాక్కుపోతుంది.

అందువల్ల చంక పట్టేసినప్పుడు ముందుగా చేయవలసింది కోయడం కాదు. చంక గుండ్రంలో కుట్టు బయట మిగిలిన గుడ్డకు చిన్న చిన్న గాట్లు పెట్టండి. కుట్టును మాత్రం తాకకూడదు. వంపులో ఉన్న కుట్టు విచ్చుకోకుండా ఆ గుడ్డే పట్టి ఉంచుతుంది. చాలాసార్లు ఈ గాట్లతోనే సగం బిగుతు పోతుంది. ఇంకా పట్టేస్తుంటే చేతిగుడ్డ వెడల్పు చూడండి.

మెడ తెరుచుకోవడం

మెడ వంపులో కొంత భాగం పడుగుకూ, పేకకూ ఏటవాలుగా పోతుంది. ఏ గుడ్డ అయినా ఏటవాలు దిశలోనే ఎక్కువగా సాగుతుంది. కత్తిరించిన మెడను పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ, ఇస్త్రీ చేస్తూ ఉంటే మీరు కుట్టే సమయానికి అది గీసిన దానికంటే పెద్దదై ఉంటుంది. కత్తిరించిన వెంటనే మెడ చుట్టూ అంచుకు దగ్గరగా ఒక మిషను కుట్టు వేసి ఉంచితే సాగదు. ఇప్పటికే సాగిపోయి ఉంటే మెడపట్టీ విప్పి, కొంచెం పొట్టి క్రాస్ పట్టీతో మెడను దగ్గరికి లాగి కుట్టవచ్చు. ముందూ వెనకా రెండూ లోతు మెడలైతే భుజాలు జారడం సహజం. వెనక కట్టే డోరీ అలంకారమని చాలామంది అనుకుంటారు గాని, అది అక్కడ భుజాలను పట్టి ఉంచే పని చేస్తుంది.

మొదటి ఉతుకు తరవాత వచ్చే నిరాశ

నేను మొదట కుట్టిన లైనింగు జాకెట్టు పెళ్ళిలో అందరికీ నచ్చింది. పైన సింథటిక్ పట్టు, లోపల నూలు లైనింగు. ఉతికి ఆరేసిన మర్నాడు చూస్తే పై గుడ్డ అంతా ఉబ్బి ముడతలు. ఇస్త్రీ ఎంత చేసినా పోలేదు. మిషను బాగాలేదని దాన్ని తిట్టుకున్నాను.

నిజానికి తప్పు లైనింగును తడపకపోవడం. మగ్గం మీద దారాలు బిగువుగా లాగి ఉంటాయి. నీటిలో తడిసినప్పుడు ఆ బిగువు వదిలి గుడ్డ కుంచించుకుపోతుంది. ఇది సాధారణంగా పడుగు దిశలో ఎక్కువ. 14 అంగుళాల పొడవున్న లైనింగు నూటికి 4 వంతులు తగ్గిందనుకుంటే అర అంగుళానికి పైగా పోయినట్టు. సింథటిక్ గుడ్డ తగ్గదు. మిగిలిపోయిన ఆ అర అంగుళం ఎక్కడికి పోతుంది? ముడతలై పైకి వస్తుంది. దీనికి విప్పి మళ్ళీ కుట్టడం తప్ప వేరే దారి లేదు. అందుకే నూలు లైనింగును రాత్రంతా నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసిన తరవాతే కత్తిరించాలి. గంజి పెట్టిన చేనేత గుడ్డకూ ఇదే వర్తిస్తుంది.

ముడత గుడ్డ వల్ల వచ్చిందా, మిషను వల్ల వచ్చిందా అన్న సందేహం వస్తే ముడత ఉన్న కుట్టును కొంత దూరం విప్పి చూడండి. గుడ్డ వెంటనే చదునైతే దారం బిగువు ఎక్కువైందని తెలుసుకోవాలి. ముడత అలాగే ఉంటే తప్పు గుడ్డలో ఉంది.

ఆది జాకెట్టును ఎంతవరకు నమ్మాలి?

ఆది జాకెట్టు మంచి ఆధారమే. కాని అది ఎన్నోసార్లు ఉతికింది, ఒంటికి అలవాటై సాగింది, బహుశా ఒకటి రెండుసార్లు విప్పి కుట్టింది. దాన్ని గుడ్డ మీద పరిచి చుట్టూ గీత గీస్తే టక్కుల్లోకి మడిచిన గుడ్డ లెక్కలోకి రాదు. కొత్తవాళ్ళ జాకెట్లు ఛాతీ దగ్గర చాలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. పొడవు, మెడ లోతు, చేతి పొడవు ఆది జాకెట్టు నుంచి తీసుకోండి. ఛాతీ, నడుము, భుజం మాత్రం టేపుతో ఒంటి మీద కొలవండి. మీరు ఇరుగుపొరుగువారికి కుట్టి నాలుగు రూపాయలు సంపాదించాలనుకుంటే ఇది మరీ ముఖ్యం. వారి పట్టు గుడ్డ మీద చేసిన పొరపాటుకు గుడ్డ ఖరీదు మీరే ఇచ్చుకోవాలి, ఆ వీధిలో రెండో జాకెట్టు మీ దగ్గరికి రాదు. కొత్త రకం కోత అయితే ముందు పాత దుప్పటి ముక్కతో నమూనా కుట్టి వేసి చూడండి.

అభ్యాసం

మీరు కుట్టినవాటిలో సరిగా కుదరని ఒక జాకెట్టు తీసుకోండి. దాన్ని వేసుకుని, పడిన మడతలను నోటుపుస్తకంలో బొమ్మ గీసి, ఒక్కొక్కటి బిగుతు మడతో వదులు మడతో రాయండి. తరవాత జాకెట్టును తిరగేసి, లోపల ప్రక్కల్లో ఎంత గుడ్డ మిగిలిందో టేపుతో కొలిచి పక్కనే రాసుకోండి. ఏ కుట్టు ముందు విప్పాలో, ఎందుకో మూడు నాలుగు వాక్యాలలో రాసి, ఆ తరవాతే విప్పండి.