చెక్క విల్లు తయారీలో పొరపాట్లు – వాటి సవరణ

మానవుడు నిర్మించుకొన్న అతి ప్రాచీన యంత్రాలలో విల్లు ఒకటి. డెన్మార్కు దేశంలో హోల్మెగార్డు అనే చోట 1944లో బురదనేల నుండి బయటపడిన ఎల్మ్ చెక్క విల్లు సుమారు 9,000 సంవత్సరాల నాటిది. 1545లో ఇంగ్లండు తీరాన మునిగి, 1982లో పైకి తీయబడిన మేరీ రోజ్ యుద్ధనౌక శిథిలాలలో యూ చెక్కతో చేసిన నిండు విండ్లు 130కి పైగా లభించాయి. ఉర్దూ ద్వారా మనకు వచ్చిన కమాను అనే పారశీక పదానికి మూలార్థం విల్లే. తెలుగులో మాత్రం అది ద్వారాల మీది వంపుకూ, ఫిడేలు వాయించే పుల్లకూ పేరై స్థిరపడింది.

కుమ్మరి మట్టిని మరల ముద్ద చేయగలడు. కంసాలి బంగారాన్ని మరల కరిగించగలడు. విల్లు చెక్కేవానికి ఆ వెసులుబాటు లేదు. తీసిన చెక్కను తిరిగి అతికించి మునుపటి బలం తేవడం దాదాపు అసాధ్యం. అయినను విల్లు చేసే పనిలో సగభాగం పొరపాట్లను సవరించుకొనడమే. ఏ తప్పు సవరణకు లొంగుతుంది, ఏది లొంగదు అనే వివేకం లేనిచో సంవత్సరం పాటు ఆరబెట్టిన దుంగ ఒక్క లాగుడుతో రెండు ముక్కలవుతుంది. ఆ ముక్క ముఖానికి తగిలే ప్రమాదం కూడ లేకపోలేదు.

ముందుగా విల్లు పనిచేసే తీరు గ్రహించాలి. నారిని లాగినప్పుడు లక్ష్యం వైపున ఉండే విల్లు వీపు సాగుతుంది. విలుకాని వైపున ఉండే కడుపు నొక్కుకుపోతుంది. యూ చెక్కలో తెల్లని పైచెక్క సాగుడుకు, లోపలి ఎర్రని చేవ నొక్కుడుకు బాగుగా ఓర్చుకొంటాయి. ఇంగ్లండు వారు ఆ రెండూ కలిసిన చోటనే విల్లు తీయడానికి కారణం ఇదే. ఇక మందం సంగతి. వెడల్పు సగమైతే బిగువు సగమవుతుంది. మందం సగమైతే బిగువు ఎనిమిదవ వంతుకు పడిపోతుంది. మందంలో పదవ వంతు తగ్గితే చాలు, ఆ చోట బిగువు నాల్గవ వంతుకు మించి పోతుంది. భౌతికశాస్త్ర విద్యార్థులకు ఈ ఘనసూత్రం పరిచితమే. బాడిశతో వేసిన ఒక్క తొందరపాటు దెబ్బ ఎంత నష్టం చేయగలదో దీనివలన ఊహించవచ్చు.

పిడికి ఇరువైపుల గల భాగాలను బాహువులు అందాము. రెండు బాహువులు సమంగా వంగేటట్లు చూడటమే విల్లు పనిలోని అసలు పరీక్ష. విల్లును గోడకు బిగించిన ఆధారం మీద ఉంచి, నారికి కట్టిన త్రాటిని కప్పీ మీదుగా లాగుతూ దూరం నుండి వంపును పరిశీలిస్తారు. దూరంగా నిలుచుట వలన వంపు స్పష్టంగా కనబడుతుంది, విరిగినా మనిషికి దెబ్బ తగలదు. మొదట రెండు మూడు అంగుళాలు లాగి, వంగని చోట కడుపు వైపు కొంచెం గీకి, ఇరవై ముప్పది సార్లు మెల్లగా వంచి, మరల చూడాలి. గీకిన ఫలితం వెంటనే తెలియదు. కొన్నిసార్లు వంగిన తరువాతనే చెక్క తన నిజస్థితి చూపుతుంది. ఈ ఓర్పు లేకపోవడమే అధిక భాగం తప్పులకు మూలం.

అన్నిటికంటె తరచుగా వచ్చేది కీలు దోషం. బాహువులో ఒకచోట చెక్క పలుచబడి, తలుపు కీలు వలె అక్కడనే వంపంతా చేరుతుంది. ఇది కనబడగానే లాగడం ఆపివేయాలి. ఆ బలహీన స్థలాన్ని పెన్సిలుతో గుర్తించి, ఇక దాని జోలికి పోరాదు. దానికి రెండు వైపుల గల గట్టి భాగాలను, పిదప రెండవ బాహువును కొద్దికొద్దిగా పలుచన చేస్తూ వస్తే బరువు అన్ని చోట్లకు పంచుకొనబడుతుంది. దీనికి చెల్లించే మూల్యం లేకపోలేదు. 50 పౌన్ల బిగువు ఆశించిన విల్లు 40 వద్ద నిలువవచ్చు. తక్కువ బిగువు గల మంచి విల్లు విరిగిన గట్టి విల్లు కంటె మేలని నా అభిప్రాయం.

కీలును ఉపేక్షిస్తే కడుపు వైపు చెక్క నలిగి, అడ్డంగా సన్నని ముడతలు పడతాయి. మేరీ రోజ్ మునిగిన 1545లోనే రోజర్ ఆస్కమ్ అనే ఆంగ్ల పండితుడు టాక్సోఫిలస్ అనే గ్రంథాన్ని ప్రకటించాడు. ముడత చిన్నదిగా ఉన్నప్పుడే దాని చుట్టు ప్రక్కల చెక్కను కొంచెం బలహీనపరచితే అది ముదరకుండా ఆగిపోతుందని ఆయన అందులో వివరించాడు. ఇన్ని శతాబ్దాల తరువాత కూడ చేసే వైద్యం అదే. ముడత లోతుగా దిగినట్లయితే ఆ భాగాన్ని తొలిచి, అదే జాతి చెక్కను అచ్చంగా అమర్చి జిగురుతో అతికించాలి.

బిగువు మరీ తగ్గిపోయినప్పుడు ఒక ఉపాయం కలదు. రెండు కొనల వద్ద సమానంగా అంగుళం చొప్పున కోసి, నారి గాట్లు క్రొత్తగా చెక్కితే విల్లు పొట్టిదై బిగువు పెరుగుతుంది. కాని పొట్టి విల్లుపై ఒత్తిడి హెచ్చు. మొదటనే పొడవు చాలని విల్లుకు ఈ చికిత్స ప్రాణాంతకం.

మొక్కై వంగనిది మానై వంగునా అని పెద్దలు అన్నారు. వేడి సహాయంతో మాను కూడ కొంతమేర వంగుతుంది! బాహువు మెలిపడినా, నారి పిడి మధ్యగా పోక ఒక ప్రక్కకు ఒరిగినా, ఆ చోటికి ఆవిరి పట్టి, సరైన స్థితిలో బిగించి, పూర్తిగా చల్లారేవరకు ఉంచాలి. అంగుళం మందానికి సుమారు గంట ఆవిరి పట్టడం వాడుక. ఆ తరువాత కొన్ని దినాలు ఆగి, చెక్కలోని తేమ మామూలు స్థితికి వచ్చాకనే వంచాలి. ఆవిరి పట్టిన చెక్కలో తేమ అధికంగా ఉండి వంపు నిలిచిపోతుంది. పొడి సెగతో కాచినదైతే అతిగా ఎండి పెళుసుగా విరుగుతుంది.

నారి విప్పిన తరువాత కూడ విల్లు వంగియే ఉండిపోవడం మరొక లోపం. సరిగా ఆరని చెక్క, హద్దు మీరిన లాగుడు, రాత్రంతా నారి విప్పక ఉంచడం దీనికి కారణాలు. కడుపు వైపు నిప్పు సెగ మెల్లగా చూపి వెనుకకు వంచి బిగిస్తే కొంత సరియవుతుంది, పూర్తిగా కాదు.

వీపు విషయంలో మాత్రం ఉపేక్ష పనికిరాదు. అక్కడ ఒకే వార్షిక వలయం కొన నుండి కొనకు తెగక సాగాలి. పనిముట్టు తగిలి వలయం తెగినట్లయితే, పొడవునా దాని క్రింది వలయం వరకు ఓపికగా చెక్కుకొనిపోవాలి. మందం చాలనిచో పచ్చి తోలుగాని నారబట్టగాని జిగురుతో అంటించి కాపాడుకోవచ్చు. సన్నని చీలిక పైకి లేస్తే దాని క్రిందికి జిగురు పోయించి, పట్టుదారంతో దట్టంగా చుట్టాలి. కాలిఫోర్నియాలో 1911లో బయటి లోకానికి వచ్చిన యాహి తెగవాడు ఇషి తన జూనిపర్ విండ్ల వీపుకు జంతువుల స్నాయువులను అంటించేవాడు. 1916లో ఆయన మరణించేలోపున డాక్టరు శాక్స్టన్ పోప్ ఆ విద్యను ఆయన వద్ద నేర్చుకొన్నాడు.

చెక్క ఆరేటప్పుడు పొడవునా ఏర్పడే బీటలు సాధారణంగా హానిలేనివి. పలుచని జిగురు నింపితే చాలు. వీపు మీద అడ్డంగా పగులు కనబడితే ఆ విల్లును మరల ఎక్కుపెట్టరాదు. పిడి వద్ద కోసి, మంచి భాగాలను పొడిచోట దాచి ఉంచడం ఉచితం. తరువాతి విల్లు కడుపులో ముడత పడినప్పుడు అతుకు వేయడానికి బాగా ఆరిన అదే జాతి చెక్క కావలసి ఉంటుంది.