పొరపాటును ముందుగా ఊహించు విద్య

నేడు తెలుగునాట సాఫ్ట్‌వేరు ఇంజనీరు లేని వీధి అరుదు. 1998లో హైదరాబాదున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన నాటినుండి ఈ వృత్తి మన కుటుంబములకు మరింత సుపరిచితమైనది. ఐనను ఆ పని యెట్టిదని అడిగినచో జీతము సంగతి చెప్పువారే గాని పని సంగతి చెప్పువారు తక్కువ. ఈ వృత్తికి ఇంజనీరను మాట ఏల చెల్లునో ఒక జీవితమును బట్టి తెలుపుదుము.

మార్గరెట్ హామిల్టన్ 1936లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రమున జన్మించెను. 1958లో గణితశాస్త్రమున పట్టము పొందెను. ఆనాడు సాఫ్ట్‌వేరును బోధించు కళాశాలలు అరుదు. పని చేయుచునే పని నేర్వవలసి యుండెను. మొదట ఎం.ఐ.టి. విద్యాసంస్థలో వాతావరణ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ లోరెంజ్ వద్ద ప్రోగ్రాములు వ్రాసెను. తరువాత ఆ సంస్థ ప్రయోగశాలలోనే చంద్రయాత్రకు వలయు అపోలో ప్రోగ్రాముల పనిలో చేరి, క్రమముగా ఆ విభాగమునకు నాయకురాలయ్యెను.

ప్రోగ్రామనగా యంత్రము ఏ పనిని ఏ క్రమమున చేయవలెనో తెలుపు ఆజ్ఞల వరుస. అపోలో కంప్యూటరులో ఈ ఆజ్ఞలను తీగలతో నేసెడివారు. తీగ అయస్కాంతపు కడియములో దూరిన ఒకటి. ప్రక్కగా పోయిన సున్న. నేత ముగిసిన పిమ్మట తప్పు దిద్దుట మిక్కిలి కష్టము. కావున ముందుచూపే ప్రధానము.

హామిల్టన్ చిన్న కుమార్తె ఒకనాడు నమూనా యంత్రముతో ఆడుకొనుచు, ప్రయోగమునకు ముందు మాత్రమే వాడవలసిన ప్రోగ్రామును యాత్ర మధ్యలో నొక్కగా యంత్రము చెడిపోయెను. వ్యోమగామి ఇట్లే చేసినచో ఏమగునని తల్లి ఆలోచించి, దానికొక రక్షణ చేర్చవలెనని కోరెను. శిక్షణ పొందినవారు అట్టి పొరపాటు చేయరని పైవారు త్రోసిపుచ్చిరి. 1968 డిసెంబరులో అపోలో 8 యాత్రయందు జిమ్ లోవెల్ సరిగా ఆ పొరపాటే చేసెను. నౌక దిశను తెలుపు లెక్కలు చెరిగిపోగా వాటిని మరల సరిచేయవలసి వచ్చెను.

1969 జూలై 20న అపోలో 11 చంద్రునిపై దిగుటకు కొద్ది నిమిషముల ముందు 1202 అను హెచ్చరిక వెలిగెను. ఒక రాడారునుండి వచ్చిన అనవసర సంకేతములవలన కంప్యూటరునకు పని మితిమీరెను. ఐనను అది నిలిచిపోలేదు. హాల్ లానింగ్ రూపొందించిన పద్ధతి ననుసరించి అల్పకార్యములను విడిచి, దిగుటకు అత్యవసరమైన వానినే కొనసాగించెను.

హామిల్టన్ తన పనిని సాఫ్ట్‌వేరు ఇంజనీరింగని పేర్కొన్నప్పుడు మొదట సహచరులు పరిహాసము చేసిరట. వంతెన కట్టువాడు బరువును లెక్కించినట్లే ప్రోగ్రాము వ్రాయువాడు పొరపాటును లెక్కించవలెను. ఆ పేరునకు అర్థమిదియే. 1976లోను, 1986లోను ఆమె సంస్థలు స్థాపించెను. 2016లో అధ్యక్షుడు ఒబామా ఆమెకు స్వాతంత్ర్య పతకము నొసగెను.

నేడు బ్యాంకు సొమ్మును, రైలు టిక్కెట్టును, ఆసుపత్రి యంత్రమును నడుపునవి ప్రోగ్రాములే. తప్పు మీట నొక్కినవానిని నిందించుట సులభము. ఆ తప్పునకు తావిచ్చినదేది అని అడుగుట ఇంజనీరు ధర్మము. ఈ వృత్తిలో చేరబోవు యువతీయువకులున్న ఇండ్లలో జీతపు మాటతోపాటు ఈ ప్రశ్నయు వినబడవలెనని మా ఆకాంక్ష.