హక్కుల చరిత్ర – మన వీధిలో

ముంబయిలోని దాదర్ పశ్చిమ భాగంలో ఎస్.కె. బోలే రోడ్డు ఉంది. ఆ దారిన నిత్యం ఎంతోమంది నడుస్తుంటారు. బడికి వెళ్ళే తెలుగు పిల్లలు కూడా వారిలో ఉంటారు. ఇంతకూ ఈ బోలే ఎవరు?

సీతారాం కేశవ్ బోలే బొంబాయి శాసనమండలి సభ్యుడు. ప్రభుత్వ ధనంతో నిర్మించిన బావులు, చెరువులు, ధర్మశాలలు, బడులు, న్యాయస్థానాలు, వైద్యశాలలను అంటరానివారుగా పరిగణింపబడినవారు కూడా వాడుకోవచ్చునని 1923లో ఆయన తీర్మానం ప్రవేశపెట్టారు. మండలి దానిని ఆమోదించింది. 1924లో కొంకణ ప్రాంతంలోని మహాడ్ పురపాలక సంఘం చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్లు ప్రకటించింది. కాని మూడేళ్ళు గడిచినా దళితులు ఆ నీటిని ముట్టుకోలేకపోయారు. హక్కు కాగితం మీదనే నిలిచిపోయింది.

1927 మార్చి 20న డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ ఊరేగింపుగా వెళ్ళి ఆ చెరువు నీరు త్రాగారు. ఆయన వెంట వేలాది జనం త్రాగారు. ఆనాడే వారిపై దాడులు జరిగాయి. చెరువు మైలపడిందంటూ కొందరు దానికి శుద్ధి జరిపారు. వివాదం న్యాయస్థానానికి ఎక్కింది. చివరకు 1937లో బొంబాయి హైకోర్టు దళితుల పక్షాన తీర్పు చెప్పింది. తీర్మానం నుండి తీర్పు వరకు పద్నాలుగేళ్ళు పట్టింది. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది.

ఈ చరిత్రను బడిలో ఎలా నేర్చుకోవాలి? "1927లో మహాడ్ సత్యాగ్రహం జరిగింది" అని వల్లెవేస్తే పరీక్షలో మార్కు రావచ్చు. కాని తీర్మానం ఉండగా సత్యాగ్రహం ఎందుకు అవసరమైంది? అడ్డుపడినవారు ఏ కారణం చెప్పారు? దెబ్బలు తిన్నవారు తరువాత ఏం చేశారు? ఈ ప్రశ్నలు లేని పాఠం సగం పాఠమే. చట్టం రాగానే అన్యాయం దానంతట అదే పోతుందని నమ్మిన విద్యార్థి, రేపు తన కళ్ళ ఎదుట జరిగే అన్యాయాన్ని గుర్తించలేడు.

ఈ చరిత్రలో మనవారి పాలు కూడా ఉంది. నైజాం ప్రాంతం నుండి వచ్చి ఈ నగర నిర్మాణంలో చెమటోడ్చిన కామాఠీల పేరు మీదనే కామాఠీపురా వెలసింది. జ్యోతిరావు ఫూలే 1873లో పుణెలో స్థాపించిన సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచినవారిలో వ్యంకూ బాళోజీ కాలేవార్ వంటి తెలుగు గుత్తేదారులు ఉన్నారు.

దాదర్ సముద్రతీరాన, అంబేద్కర్ అంత్యక్రియలు జరిగిన చోట, చైత్యభూమి ఉంది. ఏటా డిసెంబరు 6న అక్కడికి లక్షలాది జనం వస్తారు. వారిలో ఎందరో పుస్తకాలు కొని ఇళ్ళకు తీసుకువెళతారు. పాఠ్యపుస్తకం ఒక్క వాక్యంతో ఆగినచోట మనం ఆగకూడదు. మన చాళ్ళలోని పెద్దలను అడగాలి, చదవాలి, తెలుసుకోవాలి.